రాక్షసవాచికము – స్వరపరివర్తన సాధనము

నాటకమున రాక్షసుడు రంగము మీదికి వచ్చుటకు ముందే అతని గొంతు వచ్చును. తెరవెనుకనుండి వినబడు గర్జనము సామాజికుని సిద్ధపరచును. కోరలును కిరీటమును పిమ్మట కనబడును. పూర్వమీ కంఠమును నటుడు తన ఊపిరితో సాధించెడివాడు. తోలుబొమ్మలాటలో తెరవెనుకనున్న ఆటగాడొక్కడే పెక్కు పాత్రములకు గొంతు మార్చి పలుకును. పాదముల క్రింది చెక్కబల్లను త్రొక్కి ఆ గొంతునకు బలము చేకూర్చును. నేడు కంప్యూటరులోని స్వరపరివర్తన సాధనము ఈ పనిని క్షణములో చేయుచున్నది. శ్రవ్యనాటకములందును, యానిమేషను చిత్రములందును, విద్యార్థుల ప్రదర్శనములందును దాని వాడుక కలదు. కావున దాని గుణదోషములను వాచికాభినయ దృష్టితో పరిశీలించుట యుక్తము. ఈ సాధనము గొంతును మార్చునన్నది నిర్వివాదము. పాత్రమును సృష్టించునా యన్నదే ప్రశ్నము.

మొదట సాధనము చేయు పని యెట్టిదో తెలియవలెను. మాట పుట్టుటలో రెండు వ్యాపారములు కలవు. కంఠములోని నాదతంత్రులు కంపించి మూలనాదమును పుట్టించును. దానిపై కంఠము మొదలు పెదవులవరకు గల నాళము ఆ నాదములో కొన్ని భాగములను బలపరచి, కొన్నిటిని అణచి, అచ్చులకు రూపమిచ్చును. గన్నర్ ఫాంట్ 1960 లో ప్రకటించిన గ్రంథము ఈ సిద్ధాంతమునకు ప్రసిద్ధాధారము. వయస్సు వచ్చిన పురుషుని మూలనాదము సాధారణముగా సెకనుకు 120 కంపనముల దాపున నుండును. అతని స్వరనాళము సుమారు 17 సెంటీమీటర్ల పొడవుండును. మొదటిది మారినచో గొంతు స్థాయి మారును. రెండవది మారినచో వక్త దేహపరిమాణము మారినట్లు తోచును.

టేపును మెల్లగా త్రిప్పు పాతపద్ధతిలో ఈ రెండును, వానితోపాటు కాలమును, ఒక్కమారే మారెడివి. 1954 నాటి జపాను చిత్రము ‘గాడ్జిల్లా’లోని భూతమునకు సంగీతకర్త అకిరా ఇఫుకుబె ఇట్లే అరుపు కల్పించెను. సడలించిన పెద్ద తంత్రీవాద్యపు తీగలపై తోలుచేతొడుగును రాచి, ఆ ధ్వనిని మందగతిని వినిపించెను. ఆ భూతము మాటలాడదు గనుక ఆ పద్ధతి సరిపోయినది. 1966 లో ఫ్లానగన్, గోల్డెన్ అను శాస్త్రజ్ఞులు వివరించిన ఫేజ్ వోకోడరు పద్ధతితో కాలమును స్థాయిని వేరుచేయుట సాధ్యమైనది. భాషాశాస్త్ర విద్యార్థులకు పరిచితమైన ‘ప్రాట్’ అను సాధనమున స్థాయిని, నాళపు అనునాదములను వేర్వేరుగా మార్చు ఆజ్ఞ కూడ కలదు. అనునాదములను 0.8 వంతునకు తగ్గించినచో 17 సెంటీమీటర్ల నాళము 21 సెంటీమీటర్ల నాళమువలె వినబడును. వక్త మహాకాయుడైనట్లు తోచును.

ఆచరణమున ఎక్కువమంది చేయునది స్థాయిని దించుట యొక్కటే. పండ్రెండు అర్ధస్వరములు దించినచో 120 కంపనముల నాదము 60 కి దిగును. అట్టి స్థాయిలో గొంతు సాగు నాదముగా గాక విడివిడి తాడనములుగా వినబడ నారంభించును. పలుకులోని ఎగుడుదిగుడులు చెవికి అందవు. ఈ ఎగుడుదిగుడులే కాకువునకు ప్రాణము. ప్రశ్నమును ఆజ్ఞనుండియు, ఎత్తిపొడుపును ప్రశంసనుండియు వేరుచేయునది కాకువే. అది పోయిన పిమ్మట రాక్షసుడు ఏమి పలికినను ఒక్కటే భావము వినబడును.

ఇచట భరతుని మతము ఆలోచింపదగినది. నాట్యశాస్త్రము వాచికమునకు ఉరస్సు, కంఠము, శిరస్సు అని మూడు స్థానములను, ఉచ్చము, దీప్తము, మంద్రము, నీచము, ద్రుతము, విలంబితము అని ఆరు అలంకారములను చెప్పినది. క్రోధము, కలహము, ఆక్షేపము, శౌర్యము, దర్పము మున్నగువానికి విధింపబడినది దీప్తము. అది శిరఃస్థానమునుండి వెడలు అత్యుచ్చస్వరము. ఉరఃస్థానమునుండి వచ్చు మంద్రము నిర్వేదము, గ్లాని, చింత, దైన్యము, వ్యాధి, మూర్ఛ మున్నగువానికి చెందినది. అనగా నేటి యభ్యాసము శాస్త్రమునకు తలక్రిందుగా నున్నది. క్రుద్ధుడైన రాక్షసునికి మనము ఇచ్చుచున్న గొంతు భరతుని దృష్టిలో దీనునికిని, రోగికిని తగినది.

ఇది పూర్వాచార్యుల యభిరుచిమాత్రమే యనుటకు వీలులేదు. కోపగించిన మనుష్యుడు ఊపిరిని బలముగా నెట్టును, నాదతంత్రులు బిగియును, స్వరము పైకెక్కును. దీనిని ఎవరి యింటనైనను వినవచ్చును. అయినను మంద్రస్వరము భయము గొల్పుననుటయు అసత్యము కాదు. పెద్ద దేహము గల జంతువు గొంతు సామాన్యముగా క్రిందిస్థాయిలో నుండును. ఈ రెండు సత్యములకు విరోధము లేదు. మంద్రత చెప్పునది దేహమును; దీప్తత చెప్పునది భావమును. మొదటిది కిరీటము, కోరలు, ముఖవర్ణము చేరిన వర్గమునకు చెందినది. కావున స్వరపరివర్తనము ఆహార్యాభినయమున నొక భాగమని నా యభిప్రాయము. అది గొంతునకు తొడిగిన ముసుగు. ముసుగు ధరించుట దోషము కాదు. ముసుగే వాచికమని భ్రమించుట దోషము.

తెలుగునకు సంబంధించిన చిక్కు మరియొకటి కలదు. మన కవులు రౌద్రమును ఓజోగుణముచేత పోషించిరి. దీర్ఘసమాసములు, ద్విత్వములు, రేఫసంయుక్తములు, టవర్గము, మహాప్రాణములు దానికి ఉపకరణములు. ఇవన్నియు హల్లుల తాకిడిపై ఆధారపడినవి. సాధనము ధ్వనిని కొన్ని పదుల మిల్లీసెకనుల ఖండములుగా విడదీసి మరల కూర్చును. స్పర్శాక్షరపు స్ఫోటము అంతకంటె అల్పకాలికము. పరివర్తనము మితిమీరినచో ఆ స్ఫోటము ముందువెనుకలకు ప్రాకి మొద్దుబారును. పద్యమున కవి ఏ యక్షరములతో రాక్షసుని నిర్మించెనో ఆ యక్షరములనే సాధనము మొట్టమొదట అరుగదీయుచున్నది.

యంత్రమార్పు లేకయే రాక్షసత్వమును వాచికమున సాధించుటకు కె. వి. రెడ్డి దర్శకత్వమున 1957 లో వచ్చిన ‘మాయాబజార్’ ఉత్తమోదాహరణము. ఎస్. వి. రంగారావు ఘటోత్కచుని గాంభీర్యము విరుపులో, నవ్వులో, విలంబమున నున్నది. పింగళి నాగేంద్రరావు సంభాషణలలో రాక్షసులు ‘అస్మదీయులు’ అను మాటను ‘అసమదీయులు’గా విడదీసి, దానికి ఎదురుగా ‘తసమదీయులు’ను కల్పింతురు. సంయుక్తాక్షరము నోట నిలువక అచ్చు చొరబడుట భాషాశాస్త్రమున సుపరిచితమగు స్వరభక్తి. ఆ యొక్క మార్పుతో రాక్షసజాతికి ఒక నోరు ఏర్పడినది. ఇంకను, ఘటోత్కచుడు మాయాశశిరేఖ యైనపుడు ఆ పాత్రమును సావిత్రి పోషించెను. సుకుమారమైన రూపములోనుండి మగటిమి గల విరుపు వెలువడుచుండగా ప్రేక్షకుడు రాక్షసుని గుర్తించును. స్థాయి దిగుటచేత గాక, రూపమునకును కాకువునకును గల విరోధముచేత ఈ గుర్తింపు కలుగుచున్నది.

ఇంత విచారమునకు కారణమైన ముఖ్యాంశము వేరు. మన వాఙ్మయమున రాక్షసుడు మృగము కాడు. రావణుడు వేదవేత్త, హిరణ్యకశిపుడు తపస్వి, తండ్రి. ప్రహ్లాదుని కథలో కుమారుని ఒడిలో కూర్చుండబెట్టుకొని చదువు నడుగువాడును, అతని వధకు ఆజ్ఞ యిచ్చువాడును ఒక్కడే. ఈ రెండు గొంతుకలు ఒకే కంఠమున వినబడినప్పుడే కథలోని బాధ తెలియును. 1967 నాటి ‘భక్త ప్రహ్లాద’ చిత్రమున హిరణ్యకశిపుని పాత్రము ఎస్. వి. రంగారావునకే లభించుట గమనింపదగినది. ఆదినుండి తుదివరకు ఒకే యంత్రగర్జనము తొడిగినచో తండ్రి మాయమగును, భూతము మిగులును. భూతము నెదిరించు బాలుని ధైర్యము సామాన్యము. ప్రేమించు తండ్రిని కాదను బాలుని ధైర్యము దుర్లభము. పాత్రము గొంతును చెడగొట్టినచో ఎదుటి పాత్రము గుణము కూడ తరుగును.

అట్లని ఈ సాధనమును త్యజింపవలెనని నా వాదము కాదు. గంటలకొలది గర్జించుట నటుని కంఠమునకు హానికరము. ఆ శ్రమను తగ్గించుట మేలే. అయితే క్రమము తప్పరాదు. ముందు నటుడు సహజకంఠముతో కాకువును, విరుపును, ఊపిరిని సాధించవలెను. పిమ్మట స్థాయిని మూడు నాలుగు అర్ధస్వరములకు మించి దింపక (నాలుగు దించినను 120 కంపనములు సుమారు 95 అగును), అనునాదములను కొంచెము తగ్గించి దేహమును పెంచవచ్చును. మార్చిన గొంతుక్రింద మార్చని గొంతును కొంత కలిపి యుంచినచో హల్లుల వాడి నిలుచును. మహాక్రోధ సందర్భమున స్థాయిని దించుటకు బదులు నటుని దీప్తమునకు విడిచిపెట్టుట మేలు.

దీనికి సులభమైన పరీక్ష యొకటి కలదు. సాధనమును తొలగించి అదే పలుకును వినవలెను. అప్పుడును రాక్షసుడు వినబడినచో, సాధనము అలంకారమైనది. వినబడనిచో, అచట పాత్రము ఎన్నడును లేదనియే గ్రహింపవలెను.