మా వీధి కాఫీకి నా మార్కులు

మా వీధి మొగదల ఈమధ్య ఓ కాఫీ దుకాణం వెలిసింది. "ఇచ్చట అసలైన ఫిల్టర్ కాఫీ దొరుకును" అని బోర్డు. అది చూసిన రోజునుంచీ మావారి సాయంకాలపు షికారు అటే. పైగా ఇంటికొచ్చి, "ఏమాటకామాటే చెప్పుకోవాలి, వాడి కాఫీ వాడిదే!" అని నా మొహంమీదే అన్నారు. నలభై ఏళ్లుగా ఈయనగారి చేతికి కాఫీ అందిస్తున్నదాన్ని, ఊరుకుంటానా? మొన్న బుధవారం నాలుగింటికి, పర్సు చంకన పెట్టుకుని పరీక్షాధికారిలా బయల్దేరాను.

ముందు వాసన. పదడుగుల దూరంలోనే ముక్కుకి తగిలింది. పదికి తొమ్మిది వేశాను. ఇక గ్లాసు. ఇత్తడి గ్లాసు, కింద డబరా. అంచు పట్టుకుంటే వేళ్లు చురుక్కుమన్నాయి. దీనికి పదికి పదీ ఇవ్వాల్సిందే.

రుచి దగ్గరే పేచీ వచ్చింది. పాలు చిక్కనివే. కానీ గుటక దిగాక నాలుకమీద ఏదో మాడిన చేదు మిగిలింది. "చికోరీ ఎంత కలిపావు బాబూ?" అన్నాను. "నలభై శాతమండీ. తగ్గిస్తే నీళ్లలా ఉందంటారు జనం" అన్నాడా కుర్రాడు, దాచకుండా.

చికోరీ కాఫీ గింజ కాదండీ, ఓ మొక్క వేరు. ఎండబెట్టి, వేయించి, పొడి కొడతారు. రంగూ చిక్కదనం ఇస్తుందే తప్ప, కాఫీలోని హుషారు దాంట్లో లేదు. కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని, ఎంత కలిపారో పాకెట్టుమీద రాయాలని చట్టం. కనుక కుర్రాడి తప్పేమీ లేదు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మురిసిపోయిన మనమే, వేరు రుచిని కాఫీ రుచి అనుకుంటున్నామే అని నా బాధ. పదికి అయిదు.

కూర్చునే చోటుకి మాత్రం సున్నా. ఎత్తు బల్లల చుట్టూ మగవాళ్లే నిలబడి కబుర్లాడుతున్నారు. ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు, ఫ్లాస్కుల్లో పోయించుకుని వెళ్లిపోయారు. మోకాళ్లు సలుపుతున్నా నేనూ ఓ మూల నిలబడే తాగాను.

ఇంటి కాఫీతో పోల్చి తీర్పు చెబుదామని గ్లాసు కింద పెట్టానా, అప్పుడు తట్టింది. పొగలు కక్కే కాఫీని చివరి గుక్కదాకా నేను తాగి ఎన్నాళ్లయింది? ఇంట్లో అందరికీ ఇచ్చి కూర్చోబోయేసరికి కుక్కరు కూస్తుంది, లేకపోతే పనిమనిషి పిలుస్తుంది. తిరిగొచ్చేసరికి నా గ్లాసులో మీగడ కట్టి ఉంటుంది. నా కాఫీ వేడిగా ఎలా ఉంటుందో మావారికి తెలుసు, పిల్లలకి తెలుసు, వచ్చిన చుట్టాలందరికీ తెలుసు. తెలియంది నాకే!

అందుకని తీర్పు వాయిదా వేశాను. ఆ కుర్రాడితో రెండు కుర్చీలు వేయించమని చెప్పి, నేరుగా ఇంటికొచ్చి మావారికి ఫిల్టరు, పొడి డబ్బా చూపించాను. రేపు పొద్దున్న డికాషన్ ఆయన దించుతారు. కుర్చీలో నేను కూర్చుంటాను.