తెరమీది ముఖమార్పిడి: కథలలో కనుపించని దాత

2014వ సంవత్సరము సంక్రాంతి దినములలో విడుదలయిన ‘ఎవడు’ చిత్రములో, మంటలలో కాలిపోయిన యువకునకు ఒక వైద్యురాలు కొత్త ముఖము అమర్చును. అంతవరకు అల్లు అర్జున్‌గా కనుపించిన కథానాయకుడు ఆ తరువాత రామ్‌చరణ్‌గా కనుపించును. ముఖముతోపాటు కంఠస్వరము, నడక, ఒడ్డుపొడవు కూడ మారిపోవును. ఆ ముఖము వైద్యురాలి మరణించిన కుమారునిదేనని కథ చాల దూరము నడచిన తరువాతగాని తెలియదు.

ముఖమార్పిడి కథకులకు కొత్తది కాదు. 1960లో జార్జి ఫ్రాంజు తీసిన ఫ్రెంచి చిత్రము ‘ముఖములేని కన్నులు’ అను అర్థము వచ్చు పేరుతో వెలువడినది. 1997లో జాన్ వూ తీసిన ‘ఫేస్ ఆఫ్’ లోకమంతట ప్రదర్శింపబడినది. ఈ మూడు చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక లోపము మూడింటికిని సామాన్యముగ కనుపించును. అవి శస్త్రవైద్యుని కత్తిని చూపును. దాతను వెదకుట ఎంత కష్టమో చూపవు. కాని నిజమైన చికిత్సలో అసలు చిక్కు అక్కడనే ఉన్నది.

ఫ్రెంచి చిత్రములోని వైద్యుడు, ప్రమాదములో ముఖము చెడిపోయిన తన కుమార్తె కొరకు ఇతర యువతులను అపహరించి తెప్పించి వారి ముఖచర్మమును ఒలిచి అతికించును. కథ క్రూరమైనదే అయినను అందులో ఒక శాస్త్రసత్యమును దర్శకుడు దాచలేదు. అతికించిన చర్మము కొలది దినములు చక్కగా ఉండి, తరువాత నల్లబడి కుళ్లిపోవుట వరుస ఛాయాచిత్రములలో చూపబడినది. పరుల కణజాలమును శరీరము శత్రువుగా భావించి త్రోసివేయును. ఈ తిరస్కరణపై జరిపిన పరిశోధనలకు పీటర్ మెదవార్, మాక్‌ఫర్లేన్ బర్నెట్ అను శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమానము లభించినది కూడ ఆ 1960వ సంవత్సరముననే. అయితే ఆ వైద్యుడు తన కుమార్తెవంటి పోలికలు గల పిల్లలనే వెదకించును. రక్తము సంగతి తలపెట్టడు. పోలిక కలిసిన చాలునను ఆ భ్రమ తరువాతి చిత్రములకును సంక్రమించినది.

వాస్తవమున మొదటి ముఖమార్పిడి 2005 నవంబరు 27న ఫ్రాన్సులోని అమియాన్ నగరమున జరిగినది. కుక్క కరచుటచే ముక్కు, పెదవులు, గడ్డము కోల్పోయిన 38 సంవత్సరముల స్త్రీకి దువోషెల్, దుబెర్నార్ అను వైద్యుల బృందము దాత ముఖములోని ఆ భాగములను అమర్చినది. 2024లో ప్రకటింపబడిన ఒక సమీక్ష ప్రకారము, పదకొండు దేశములలో 48 మందికి మొత్తము 50 శస్త్రచికిత్సలు జరిగినవి. దాదాపు ఇరువది సంవత్సరములలో ఏబది! మూత్రపిండముల మార్పిడులు ఏటేట లోకమందు వేలకొలది జరుగుచుండగా ఇది ఎందుకింత స్వల్పము? చికిత్సకు తగిన రోగులు కొద్దిమందియే యగుట, జీవితాంతము మందులు వాడవలసి వచ్చుట, అయ్యెడు వ్యయము కొన్ని కారణములు. తగిన దాత దొరకకపోవుట మరియొక పెద్ద కారణము.

దాత మెదడు మరణము పొందినవాడై యుండవలెను. అనగా మెదడు శాశ్వతముగ పనిమానినను, యంత్రముల సాయమున శ్వాస నడచి, గుండె కొట్టుకొనుచు, ముఖమునకు రక్తము అందుచుండవలెను. ఇట్టివారు మరణించువారిలో బహు కొద్దిమంది. వారిలో తలకు దెబ్బ తగిలినవారికి ముఖము కూడ గాయపడియుండవచ్చును. మెదడులో రక్తనాళము చిట్లి మరణించువారిలో పలువురు వయసు మళ్లినవారు. మిగిలినవారి రక్తవర్గము గ్రహీతతో కలియవలెను. స్త్రీకి స్త్రీ, పురుషునకు పురుషుడు దాతగా ఉండుట వాడుక. వయస్సులో పెద్ద అంతరము ఉండరాదు. దవడ ఎముకలు కూడ మార్చవలసినచో తల కొలతలు సరిపోవలెను. దాత శరీరమున కొన్ని వైరసులు దాగియుండి గ్రహీతకు అవి ఎన్నడును సోకియుండనిచో, తరువాత ఆపద కలుగవచ్చును. ఇన్నియు కుదిరినను, దాత దూరదేశమున ఉన్నచో లాభము లేదు. రక్తము అందని కండరము కొలది గంటలకు మించి నిలువదు.

మూత్రపిండమునకు లేని నిబంధన ఇంకొకటి ముఖమునకు కలదు: మేనిచాయ. లోపలి అవయవము రంగు ఎవరును చూడరు. ముఖము రంగు రోజూ అద్దములో చూచుకొనవలసినది. అమెరికాలో 2019 జూలైలో బోస్టన్ నగరమున పూర్తి ముఖమార్పిడి పొందిన 68 సంవత్సరముల నల్లజాతి వ్యక్తి, అంతకుముందు ఒక ముఖము లభ్యమైనను, దాని చాయ తనకంటె చాల తెలుపని వలదనెను. మరి ఒక సంవత్సరమునకు పైగా వేచియుండెను. దానిని మొండితనమనుట తగదు. మనుష్యుడు తన కులబంధువుల మధ్య తనను తాను గుర్తించుకొనగోరుట ముఖమార్పిడిలో భాగమే. నల్లజాతి దాతలు కొరవడుటచే ఆ కోరిక తీరుట కష్టమైనది.

అన్నింటికంటె కఠినమైన చిక్కు కంటికి కనబడనిది. కణములపై ఉండు హెచ్.ఎల్.ఏ. గుర్తులు దాతకును గ్రహీతకును అన్నియు కలియవలెనని లేదు. కాని దాత గుర్తులను ఎదిరించు ప్రతిరక్షకములు గ్రహీత రక్తమున ముందే ఉండరాదు. విషాదమేమనగా, ముఖము కాలిపోయినవారికే ఇట్టి ప్రతిరక్షకములు ఎక్కువగా ఏర్పడును. ప్రాణము నిలుపుటకు ఎందరి రక్తమునో ఎక్కింతురు. మృతుల చర్మముతో పుండ్లు కప్పుదురు. అవి రక్షించుచునే రక్తమునకు శత్రువులను పరిచయము చేయును. 2013లో బోస్టన్‌లో ముఖమార్పిడి పొందిన ఒక స్త్రీ ఇట్లే క్షారము పోయబడి కాలినది. పరీక్షలో, నూటికి 98 మంది దాతలు ఆమెకు పనికిరారని తేలినది. అనగా ముఖము ఎవరికి మిక్కిలి అవసరమో, వారికే దాత మిక్కిలి దుర్లభుడు. ‘ఎవడు’లోని కాలిన నాయకునకు మొదటి ముఖమే సరిపోవుట సినిమా అదృష్టము.

ఒకసారి దాత దొరికిన తరువాత కూడ కథ ముగియదు. 2010లో ఫ్రాన్సులో ముఖమార్పిడి పొందిన ఒకరికి కొన్నియేండ్లకు ఆ ముఖము తిరస్కరింపబడినది. దానిని తీసివేసిన తరువాత అతడు సుమారు రెండు నెలలు ముఖము లేకుండ పారిస్ ఆసుపత్రిలో పడియుండెను. 2018 జనవరిలో లోరాన్ లాంతియేరీ అను వైద్యుడు 22 సంవత్సరముల దాత ముఖమును 43 సంవత్సరముల ఆ రోగికి అమర్చెను. పైన చెప్పిన సమీక్షయే అమర్చిన ముఖములలో అయిదేండ్లు నిలిచినవి నూటికి 85, పదియేండ్లు నిలిచినవి 74 అని లెక్కించినది. కావున ఒక రోగికి జీవితమున ఒక దాతయే చాలునన్న హామీ లేదు.

ఇక సమ్మతి సంగతి. ‘ఫేస్ ఆఫ్’లో స్పృహలేని నేరస్థుని ముఖమును అతనిని అడుగకుండగనే తీసుకొందురు. ఫ్రెంచి చిత్రములో దొంగిలింతురు. ‘ఎవడు’ మాత్రమే ఒక తల్లిచేత ఇప్పించినది. ఆ విషయమున మన చిత్రము మిగిలినవాటికంటె మేలు. అయితే ఆమెయే తల్లి, ఆమెయే వైద్యురాలు. మన దేశపు 1994 నాటి అవయవ మార్పిడి చట్టముననుసరించి, మెదడు మరణమును నిర్ధారించు వైద్యులు వేరుగను, మార్పిడి చేయువారు వేరుగను ఉండవలెను. ఆ కట్టుబాటు దుఃఖములో ఉన్న కుటుంబమునకు రక్ష.

కుటుంబమును ముఖము కొరకు అడుగుట కష్టమైన పని. అమెరికాలో 2014 జూలై నుండి ముఖము అవయవముల లెక్కలోనికి వచ్చినను, దానికి ప్రత్యేకముగ సమ్మతి పొందవలెను. ఇంగ్లండులో 2020 మే నుండి, వలదని చెప్పనివారిని అవయవదాతలుగ భావించు చట్టము వచ్చినది. ముఖము దానినుండి మినహాయింపబడినది. గుండె, కన్నులు ఇచ్చుటకు అంగీకరించువారు సహితము ముఖము అనగానే వెనుదీయుట సహజము. పోయినవాని ముఖము వీధిలో ఎదురగునేమోనని వారి బెదురు. ఇచటనే చిత్రములు చేసిన అపకారము కనుపించును. మూడింటిలో రెండు, దాత ముఖము అచ్చముగ మరొకని మెడపై వెలయునని చూపినవి.

అది సత్యము కాదు. చర్మము, కండరములు దాతవి. వాటి క్రింది ఎముకల రూపు చాలవరకు గ్రహీతది. అందుచేత ఏర్పడునది ఇద్దరిదిని కాని మూడవ ముఖము. అమెరికాలో మినసోటా రాష్ట్రపు మేయో క్లినిక్‌లో 2016 జూన్‌లో సమీర్ మర్దీని బృందము 56 గంటలు శ్రమించి ఒక యువకునకు దాత ముఖమునమర్చినది. అన్నియు కుదిరిన దాత, జాబితాలో చేరిన అయిదు నెలలకే దొరికెను. దాత భార్య అప్పుడు నిండు గర్భిణి. భర్త ముఖము మరియొకరిపై చూడవలసివచ్చునేమోనని ఆమె మొదట సంశయించినది. గ్రహీత కన్నులు, నుదురు అతనివే ఉండునని తెలిసిన తరువాత ఒప్పుకొన్నది. 2017లో వారిరువురు కలసికొనిరి. ఆమెకు అతనిలో భర్త కనుపించలేదు. గడ్డమున వెండ్రుకలు మొలవని చిన్న చోటు ఒక్కటి మాత్రము గుర్తుకు వచ్చినది. భయపడినది ఎదురుకాలేదు, మిగిలినది ఒక గుర్తు.

కల్పన చేయుటకు కథకునకు స్వేచ్ఛ కలదు. లెక్కలు అప్పగింపుమని చిత్రమును అడుగువారు లేరు. కాని ఆసుపత్రిలో బంధువులు నిర్ణయము చేయు ఆ రాత్రి, వారి మనస్సులో మెదలునది శాస్త్రగ్రంథము కాదు, ఎప్పుడో చూచిన సినిమా. ఇకముందు ఎవరైన ఈ కథ ఎత్తుకొన్నచో, కట్లు విప్పు దృశ్యమునకు ముందు మరియొక చిన్న దృశ్యము చేర్చవచ్చును: ఆసుపత్రి వసారాలో ఒక బల్లమీద కూర్చున్న కుటుంబము, వారిని మెల్లగ అడుగు ఒక మనిషి, వారు ఆలోచించుకొనుటకు విడిచిన కొంత నిశ్శబ్దము. నాటకీయతకు అందులో కొరత ఉండదు.