ఇంకు పువ్వు, బందరు పువ్వు

బ్రిల్, చెల్పార్క్ బుడ్లతో బడి చదువు సాగించిన తరానికి ఇంకు అంటే రాతే. ఇప్పుడు అదే ఇంకుతో పూలు వేసేవాళ్లున్నారు. ముందు కుంచెతో ఉత్త నీళ్లు తీసుకుని కాగితం మీద రేక ఆకారం తడుపుతారు. ఆ తడి అంచున పాళీ ఆనిస్తారు. ఇంకు తడి ఉన్నంత మేరా పాకి, పొడి కాగితం దగ్గర ఆగిపోతుంది. కొన్ని నల్ల ఇంకులు పాకుతూ లోపలి నీలాన్నీ ఊదానీ విడదీసి చూపిస్తాయి. దివిసీమ కాలవల్లో కలువ రేకకుండే ఛాయ, ఒకచోట ముదురు, మరోచోట పలచన, ఇలా రెండు నిమిషాల్లో దిగుతుంది.

ఈ పని మీద మనసున్నవాళ్లు గుడివాడలో బందరు రైలెక్కి, బందరు కలంకారీ అద్దే పెడనలో దిగాలి.

బందరు కలంకారీ అంటే ఇవాళ ప్రధానంగా టేకు అచ్చులతో అద్దే బట్ట. చేతి కలం శ్రీకాళహస్తిలో నిలిచింది. కానీ డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో బందరులో వర్తకానికి దిగిన రోజుల్లో, ఈ తీరం నుంచి ఓడలెక్కిన పూల బట్టల్లో మేలైనవి కలంతో గీసినవే. చిల్లులు పొడిచిన కాగితం మీద బొగ్గుపొడి రుద్ది నమూనా దింపేవారు, ఆ చుక్కల వెంట కలం నడిపేవారు. ఆ పూల మీద యూరప్ మోజు ఎంతగా పెరిగిందంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటారని ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది.

కలం తయారీ గమనించదగ్గది. వెదురు పుల్ల కొసను చెక్కి, పైన ఉన్నినో గుడ్డ పీలికనో ఉండలా చుట్టి దారంతో బిగిస్తారు. ఉండ రంగు పీల్చుకుంటుంది, వేలితో నొక్కితే కొసకు దిగుతుంది. ఫౌంటెన్ పెన్ను కడుపులో ఉండే సిరా ఇక్కడ బయటే ఉంది. 1884లో అమెరికాలో వాటర్‌మన్ తన ఫౌంటెన్ పెన్నుకు పేటెంట్ పొందిన ఏర్పాటు తీర్చిందీ ఈ చిక్కే: సిరా ఆగకూడదు, కారకూడదు.

అసలు చుట్టరికం మాత్రం నలుపులో ఉంది. పాతకాలపు బ్లూబ్లాక్ ఇంకులో ఇనుప లవణం, టానిన్ ఉంటాయి. గాలి తగిలాకే అది నల్లబడుతుంది. రాస్తున్నప్పుడు అక్షరం కనపడటానికి నీలం కలుపుతారు. ఆరిన పువ్వు మీద మళ్లీ నీళ్లు పోస్తే నీలం కరిగిపోతుంది, నల్ల గీత నిలుస్తుంది. కరక్కాయ, అన్నభేది కలిపి కాచుకున్న మన పాత సిరాదీ ఇదే గుణం. పెడనలో కరక్కాయ, ఇనుము బట్ట మీదే కలుస్తాయి. బట్టను ముందు కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెడతారు. ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెడతారు. ఆ నీరు బట్టకు తగలగానే నలుపు పుడుతుంది.

ఎరుపుకు మరింత ఓర్పు కావాలి. రేకల్ని పటిక నీళ్లతో అద్దుతారు, పటికకేమో రంగు లేదు. తర్వాత బట్టను చిరివేరుతో, ఈ రోజుల్లో ఎక్కువగా అలిజరిన్‌తో, ఉడికించినప్పుడు పటిక తగిలిన చోటల్లా ఎరుపు తేలుతుంది. అంటే పనివాడు ఇంకా పుట్టని పువ్వును మనసులో చూస్తూ అద్దాలి. తెలుగు నేర్చి నిఘంటువు కూర్చిన ఫ్రెంచి జెస్యూట్ కూర్దూ 1742లో దక్షిణాది బట్టల రంగుపనిని వివరంగా రాసి స్వదేశానికి పంపాడు. ఆ పనితనానికి అంత గిరాకీ ఉండేది.

మామూలు రంగు ఇంకుల పూలు ఎండకు వెలుస్తాయి. నాలుగు కాలాలు నిలవాలంటే ఇనుప ఇంకు మేలు. పెన్నును మాత్రం తరచూ కడగాలి. బందరు, గుడివాడ బళ్లలో డ్రాయింగ్ పీరియడ్‌కు అంత కూడా అక్కర్లేదు. కరక్కాయ కషాయం పూసి ఆరబెట్టిన కాగితం, వెనిగర్‌లో కొన్నాళ్లు నానిన ఇనుప మేకుల నీరు, చెక్కిన వెదురు పుల్ల ఉంటే చాలు. ఆ నీటిని ఫౌంటెన్ పెన్నులో పోయకూడదు.