గ్లాడ్‌స్టన్ లెక్కలో లేనివాళ్లు

మా ఇళ్లల్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కినవాళ్లం మేము. పందొమ్మిదో శతాబ్దపు బ్రిటన్-అమెరికా సంబంధాలంటే ఎం.ఏ.లో మాకు చెప్పింది పామర్‌స్టన్ తటస్థత, 1861 నాటి ట్రెంట్ ఓడ తగాదా, అలబామా ఓడ చేసిన నష్టానికి 1872లో బ్రిటన్ కట్టాల్సొచ్చిన కోటీ యాభై అయిదు లక్షల డాలర్లు. రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. ఓడల లెక్క సరే, బానిసల మాటేమిటని అడగడం అప్పుడు తట్టలేదు.

1862 అక్టోబర్ 7న ఆర్థికమంత్రి గ్లాడ్‌స్టన్ న్యూకాసిల్ విందులో, దక్షిణాది నాయకులు సైన్యాన్నే కాదు, ఒక జాతినే నిర్మించారన్నాడు. అప్పటికి లింకన్ తొలి విముక్తి ప్రకటన వెలువడి పదిహేను రోజులే. దీన్ని చరిత్రకారులు నోరు జారడం అంటారు. మేము ఒప్పుకోం. బానిసత్వం రద్దయినప్పుడు 2,500 మందికి పైగా బానిసల పేరిట వాళ్ల నాన్న లక్ష పౌండ్లకు పైగా పరిహారం పుచ్చుకున్నాడు. బానిసలకి పైసా రాలేదు. 1833లో పార్లమెంటులో కొడుకు మాట్లాడింది ఎస్టేటు యజమానుల తరఫునే. తర్వాత న్యూకాసిల్ మాట తప్పేనని తానే ఒప్పుకున్నాడు, నిజమే. కానీ ఆ ఇంట పెరిగినవాడికి యజమానుల రాజ్యం 'జాతి'గా కనబడటంలో జారిందేముంది?

అదే న్యూకాసిల్‌లో 1846లో రిచర్డ్‌సన్ కుటుంబపు ఆడవాళ్లు చందాలెత్తి, యజమానికి 150 పౌండ్లు కట్టి ఫ్రెడరిక్ డగ్లస్‌కు స్వేచ్ఛ కొన్నారు. తప్పించుకొచ్చిన బానిస సముద్రం దాటి ఊరూరా సభలు పెట్టి బ్రిటిష్ జనాన్ని కదిలిస్తే అది 'విదేశీ సంబంధం' ఎందుక్కాదు? మంత్రులు తిన్న విందు మాత్రం అవుతుందా?

మావాళ్ల రాతల్లోనూ ఒక లోపముంది. పత్తి రాక మిల్లులు మూతపడి పస్తులున్నా, 1862 డిసెంబర్ 31న మాంచెస్టర్ కార్మికుల సభ లింకన్‌కు మద్దతుగా లేఖ పంపింది. గొప్ప సంగతే. అయితే లాంకషైర్ అంతా అలాగే నిలబడ్డట్టు రాసేస్తున్నాం. దక్షిణాదిని గుర్తించమన్న సభలూ ఆ పత్తి పట్టణాల్లో జరిగాయి. ఆకలి తనంతట తానే మనిషిని బానిస పక్షాన నిలబెట్టదు. డగ్లస్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి తిరిగి మాట్లాడింది అందుకే.

1873లో జోతిరావు ఫూలే 'గులాంగిరీ'ని బానిసత్వాన్ని తొలగించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. ఏలుతున్నది బ్రిటిష్‌వాళ్లు, అంకితం అమెరికా జనానికి! ఆ పేజీ మా సిలబస్‌లో లేదు. క్లాసు బయటే చదువుకున్నాం.