మొగలి పిలక అడగండి

కళింగపట్నంలో లావెండర్ పెంచాలనుకునేవాళ్లకు నేల ఆశపెడుతుంది. ఇసుక, నీరు నిలవదు, ఎండ పుష్కలం. దాని పుట్టిల్లు మధ్యధరా తీరమూ ఇలాంటిదే కదా అనిపిస్తుంది. తేడా అంతా గాలిలో ఉంది. అక్కడ వేసవి పొడిగా గడుస్తుంది, వానలు చలికాలంలో పడతాయి. ఇక్కడ వేసవి ఉక్క, వెంటనే నెలల తరబడి వాన. అందుకే మన దేశంలో లావెండర్ సాగు జమ్మూలోని భదర్వా కొండల్లో నిలదొక్కుకుంది. మా కుండీలోది చలికాలమంతా బాగుంటుంది, వానలు ముదిరేసరికి మొదలు కుళ్లుతుంది. వంటకు ఎండు మొగ్గలు కొనుక్కోవాల్సిందే. అవైనా చిటికెడు దాటితే పాయసం సబ్బు వాసన కొడుతుంది.

లావెండర్ కుళ్లే ఆ శ్రావణ భాద్రపదాల్లోనే మొగలి పూస్తుంది. ఐరోపావాళ్లు బట్టల మధ్య లావెండర్ దాచినట్టే మన ఇళ్లలో పట్టుచీరల మడతల్లో మొగలిరేకులు పెట్టేవారు, జడల్లో అల్లేవారు. వంటింట్లోకి మాత్రం రానివ్వలేదు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని గంజాం వెళ్తే ఇదే పువ్వును రాగి పాత్రల్లో నీళ్లతో మరిగించి, ఆవిరి చల్లార్చి తైలం తీస్తారు. గంజాం కేవడాకు, అంటే ఆ మొగలికి, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. 1936లో ఒడిశా ఏర్పడేదాకా కళింగపట్నమూ గంజాం జిల్లాలోదే. మొక్క రెండువైపులా ఉంది, బట్టీలు అటే ఉండిపోయాయి. మనం మాత్రం బిర్యానీలోకి కేవడా సీసా కొనుక్కుంటాం.

ఇంట్లో వాడుకోవడానికి బట్టీ అక్కర్లేదు. పువ్వును తెల్లవారుజామునే కొయ్యాలి, పొద్దెక్కితే పరిమళం తగ్గుతుంది. రేకుల అంచు ముళ్లు చీరేసి, కడిగి, మూతపెట్టిన నీళ్లలో రాత్రంతా ఉంచుతాను. సేమ్యా పాయసం దించి కాస్త చల్లారాక ఆ నీళ్లు ఒక చెంచా కలుపుతాను. ఉడుకుతుండగా పోస్తే వాసన ఆవిరిలో పోతుంది.

పాములొస్తాయని మొగలిని పెరట్లో పెట్టడానికి జంకుతారు. ఆ ముళ్ల సందుల్లో ఎలుకలూ కప్పలూ చేరితే పాము రావడం వింతేమీ కాదు. కాబట్టి ఇంటికి దూరంగా, సముద్రపు గాలి కొట్టే కంచె వైపు నాటాలి. అక్కడైతే ఇసుకనూ పట్టి ఉంచుతుంది.

మరో జాగ్రత్త. పరిమళించేది మగపువ్వే, ఆడమొక్కకు కాయ తప్ప ఆ వాసన ఉండదు. తల్లిమొక్క ఏదైతే పిలకా అదే. పూసే కాలంలో వెళ్లి, ఘుమఘుమలాడే మొక్కను గుర్తుపెట్టుకుని, దాని పిలకే అడగండి.