చెవికి నేర్పవలసిన చదువు: మోర్సు తరగతులపై ఒక పరిశీలన

లాభాపేక్ష లేకుండా, సొంత ప్రసారయంత్రముతో దేశదేశాలవారితో సంభాషించే విద్యను ఔత్సాహిక రేడియో అంటారు. హామ్ రేడియో అన్న పేరు పాఠకులకు పరిచయమే. మోర్సు సంకేతములు రానివారికి ఈ రంగములో పెద్ద లైసెన్సు దొరకని కాలము ఒకటి ఉండేది. 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సమావేశము ఆ పరీక్షను ఆయా దేశాల ఇష్టానికి వదిలివేసింది. అమెరికా 2007లో దానిని పూర్తిగా ఎత్తివేసింది. మన దేశములో జనరల్ గ్రేడు సర్టిఫికేటుకు నిమిషానికి 8 మాటల వేగముతో మోర్సు పరీక్ష ఆ తరువాత కూడా సాగినది. నిర్బంధము పోతే విద్య కూడా పోతుందని పెద్దలు చాలామంది భయపడినారు. అట్లా జరగలేదు. ఇంటర్నెట్టు మీద కొద్దిమంది చొప్పున కూర్చుని మోర్సు నేర్చుకునే తరగతులు వెలిసినవి. పేరుపడినవాటిలో రెండింటి బోధనాపద్ధతిని తూచి చూడటము ఈ వ్యాసము పని.

ఉపాధ్యాయులకు దీనితో ఏమి పని అని అడగవచ్చును. ఇక్కడ మార్కులు లేవు, హాజరుపట్టీ భయము లేదు. బోధన బాగాలేకపోతే విద్యార్థి మరునాటికి కనబడడు. మన తరగతులలో అతడు బెంచీమీదనే ఉంటాడు గనుక లోపము మనకు తెలియదు.

మోర్సు అనగానే మన పాఠ్యపుస్తకాలలో ఒక పట్టిక వేస్తారు. ‘ఎ’కు చుక్క గీత, ‘ఎన్’కు గీత చుక్క, ఇట్లా ఇరవైయారు అక్షరాలు. ఈ పట్టికయే మొదటి శత్రువు. మోర్సు కంటికి సంబంధించిన లిపి కాదు. అది కాలములో నడిచే ధ్వని. చుక్క ఒక మాత్ర అనుకుంటే గీత మూడు మాత్రలు. ఒక అక్షరములోని ధ్వనుల నడుమ ఒక మాత్ర, అక్షరాల నడుమ మూడు, మాటల నడుమ ఏడు మాత్రల మౌనము. మన ఛందస్సులో గురువు రెండు మాత్రలే, ఇక్కడ మూడు. ఆ తేడా తప్పిస్తే ‘ఎ’ లగము, ‘ఎన్’ గలము. భ ర న భ భ ర వ అని గణాలు కట్టి ఉత్పలమాలను గుర్తించే విద్యార్థి ఒకడు. పద్యము చదువుతూ ఉండగానే నడకను బట్టి ఇది ఉత్పలమాల అని చెప్పేవాడు మరొకడు. మొదటివానికి కాగితమూ కలమూ కావలెను. వానితో రేడియో సంభాషణ నడవదు.

లెక్క వేసి చూడండి. నిమిషానికి 20 మాటల వేగములో చుక్క నిడివి సెకనులో 60 వేయవ వంతులు. ‘ఎస్’కు మూడు చుక్కలు, ‘హెచ్’కు నాలుగు, 5 అంకెకు అయిదు. మూడింటికి పట్టే కాలము వరుసగా 300, 420, 540 మిల్లీసెకన్లు. ఈ చుక్కలను ఎవరు లెక్కపెట్టగలరు? నిమిషానికి 5 మాటల వేగములో మాత్రము చుక్క 240 మిల్లీసెకన్లు ఉంటుంది, హాయిగా లెక్కపెట్టవచ్చును. పాత శిక్షణ అక్కడే మొదలయ్యేది. విద్యార్థికి లెక్కపెట్టే అలవాటు పడేది. పది మాటల వేగము దగ్గర ఆ అలవాటే గోడయై అడ్డు నిలిచేది. జర్మన్ మనశ్శాస్త్రవేత్త లుడ్విగ్ కోఖ్ 1936లో దీనికి విరుగుడు చెప్పినాడు: మొదటి రోజునుండీ పూర్తి వేగముతోనే వినిపించండి, కాని రెండే రెండు అక్షరాలు వినిపించండి, నూటికి తొంభై సరిగా వచ్చిన తరువాతనే మూడవది కలపండి. అక్షరాన్ని వేగముగా పలికించి, అక్షరాల నడుమ మౌనాన్ని సాగదీసే పద్ధతి ఫార్న్స్‌వర్త్ పేరుతో వాడుకలో ఉన్నది.

సి.డబ్ల్యు. ఆప్స్ అనే క్లబ్బు నడిపే సి.డబ్ల్యు. అకాడమీ ఈ సూత్రాలను చక్కగా వంటబట్టించుకున్నది. రుసుము లేదు. స్వచ్ఛందముగా వచ్చిన అనుభవజ్ఞుడొకడు నలుగురైదుగురు విద్యార్థులను తీసుకుని, వారానికి రెండుసార్లు చొప్పున ఎనిమిది వారాలు, మొత్తము పదహారు పాఠాలు చెబుతాడు. మొదటి పాఠములో ప్రధానముగా ఎ, ఇ, ఎన్, టి అక్షరాలు. ఈ ఎంపిక నాకు ఎంతో నచ్చినది. ఈ నాలుగింటితోనే టీ, టెన్, ఈట్, నీట్ వంటి ఇంగ్లీషు మాటలు తయారవుతవి; విద్యార్థి మొదటి రోజుననే అక్షరము కాక మాట వింటాడు. ఇంటిదగ్గర ప్రతిదినము సాధన చేయవలెనన్న నియమము ఉన్నది. అసలు విద్య అక్కడే జరుగుతుంది. తరగతి దానికి కాపలా కాస్తుంది. మంగళవారము నలుగురి ముందు వినిపించవలసి ఉన్నదనే సంకోచము సోమవారము రాత్రి కూర్చోబెడుతుంది. ఆ సంకోచాన్ని నేను తక్కువగా చూడను.

అయితే పదహారు పాఠాల పట్టీ అందరికీ ఒకటే. ఇక్కడ నాకు అభ్యంతరము ఉన్నది. ఇండియానాలో బ్రయన్, హార్టర్ అనే ఇద్దరు 1897లోను 1899లోను టెలిగ్రాఫ్ అభ్యాసకుల ప్రగతిని గ్రాఫులుగా గీసినారు. పంపే నేర్పు సాఫీగా పెరిగినది. వినే నేర్పు మాత్రము కొంతదూరము పెరిగి, వారాల తరబడి చదునుగా నిలిచి, మళ్లీ లేచినది. అక్షరాలనుండి మాటలకు, మాటలనుండి వాక్యాలకు అలవాట్లు అంతస్తులుగా ఏర్పడతవని వారి వ్యాఖ్యానము. ఫ్రెడ్ కెల్లర్ 1958లో ఆ చదునునే శంకించి, అది అభ్యాసములో తప్పనిసరి మజిలీ కాదని వాదించినాడు. కెల్లర్ ఊరక విమర్శించినవాడు కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలములో, ధ్వని వినిపించి, విద్యార్థి వ్రాసుకున్న వెంటనే ఆ అక్షరము పేరు చెప్పే పద్ధతిని 1943లో ప్రకటించినాడు. ప్రతి విద్యార్థి తన నడకతో తాను పోవలెననీ, ఒక మెట్టు పూర్తిగా వశమైన తరువాతనే పై మెట్టు ఎక్కవలెననీ 1968లో ఆయన వ్రాసిన వ్యాసానికి సైన్యపు మోర్సు శిక్షణలో చూచినదే ఒక మూలము. గ్రాఫు చదునైనా కాకపోయినా, అందరికీ ఒకేచోట ఒకే ఏటవాలు ఉండదు. అయిదవ పాఠములో ఒకనికి ‘ఎస్’, ‘హెచ్’ కలగలిసిపోతుంటే, మిగతావారు ఆరవదానికి పోతారు. వాడు మానివేస్తాడు. అది వాని చెవి లోపము కాదు, పట్టీ లోపము.

2018లో మొదలైన లాంగ్ ఐలండ్ సి.డబ్ల్యు. క్లబ్బు ఈ చిక్కును వేరొక ఉపాయముతో విప్పినది. దీనికి సభ్యత్వ రుసుము ఉన్నది. అక్షరాలను చిన్న జట్లుగా విడదీసి, తిరునాళ్లలోని రంగులరాట్నము వలె తిప్పుతూ ఉంటారు. ఎవరైనా ఏ వారమైనా ఎక్కవచ్చును. తప్పిన జట్టు మళ్లీ తిరిగి వస్తుంది. వెనుకబడటము అనే మాటకే ఇక్కడ అర్థము లేదు. న్యూయార్కులో వేసవిలో రాత్రి 8 గంటల తరగతి మనకు తెల్లవారి 5.30 గంటలు గనుక, ఉద్యోగస్థుడు ఒక వారము లేవలేకపోయినా కొంప మునగదు. కాని దిగే గడువు లేని రాట్నము మీద ఏళ్ల తరబడి తిరిగే ప్రమాదము కూడా ఉన్నది. రెండింటిలో ఒకటి చెప్పమంటే, ఇంకేమీ రాని విద్యార్థికి రాట్నమునూ, అక్షరాలు వచ్చి మాటలు అందనివానికి ఎనిమిది వారాల పట్టీనీ చెబుతాను.

రెండింటికీ ఉమ్మడి లోపము మరొకటి ఉన్నది. అది భౌతికశాస్త్ర సంబంధమైనది. జూమ్ వంటి సాధనాలు మనిషి గొంతుకు తగినట్లు తయారైనవి. ఎత్తు మారని ఒకే స్వరము వస్తే పంకా రొద వంటిదనుకుని అణచివేస్తవి. మోర్సు సరిగ్గా అటువంటి స్వరమే! శబ్దాన్ని ఉన్నదున్నట్లు పంపే ఏర్పాటు ఎంచుకోకపోతే గీతలు నడుమనే కరిగిపోతవి. ధ్వని ఆలస్యముగా చేరడమువల్ల ఇద్దరు కలిసి తాళము వేయడము కూడా కుదరదు. ఇవి సవరించుకోవచ్చును. సవరించలేనిది ఏమంటే, ఆ ధ్వని మరీ శుభ్రముగా ఉంటుంది. ఆకాశములో అట్లా ఉండదు. అక్కడ సంకేతము ఉబుకుతుంది, క్షీణిస్తుంది, పక్కవాని సంకేతము మీద పడుతుంది. మోర్సు గొప్పతనము బయటపడేది అక్కడే. మాటకు సుమారు 2500 హెర్ట్జుల వెడల్పు కావలసి ఉండగా మోర్సుకు 250 చాలు. రొద పదవ వంతుకు, అనగా 10 డెసిబెల్లు తగ్గుతుంది. 2017లో వచ్చిన ఎఫ్.టి. 8 అనే కంప్యూటరు పద్ధతి ఇంకా క్షీణమైన సంకేతాలను పట్టగలదు. కాని అక్కడ వినేది యంత్రము, మనిషి చెవి కాదు.

కాబట్టి శుభ్రమైన ధ్వనితో పదహారు పాఠాలు గట్టెక్కినవాడు మొదటిసారి గ్రాహకము తెరిచి తెల్లబోతాడు. దీనికి ఖర్చులేని మార్గము ఉన్నది. నెదర్లాండ్సులోని ట్వెంటె విశ్వవిద్యాలయము తన రేడియో గ్రాహకాన్ని ఇంటర్నెట్టు ద్వారా ఎవరైనా వినేట్లు ఉంచినది. ప్రతి పాఠము చివర పది నిమిషాలు దానిని 7.000, 7.040 మెగాహెర్ట్జుల నడుమ నిలిపి, ఆ రొదలోనుండి అప్పటికి వచ్చిన నాలుగైదు అక్షరాలనే ఏరుకోమంటే సరిపోతుంది. మిగిలినవి అందకపోయినా ఫరవాలేదు.