మోచేయి వంగాలి

1965 మార్చి 18న మానవజాతిలో తొలిసారిగా నౌక దాటి అంతరిక్షంలోకి అడుగుపెట్టిన అలెక్సీ లియోనోవ్, తిరిగి నౌకలోకి దూరలేకపోయాడు. లోపలి గాలికి స్పేస్ సూట్ సైకిల్ ట్యూబులా ఉబ్బి బిర్రబిగుసుకుపోయింది. ప్రాణానికి తెగించి పీడనం తగ్గించుకున్నాకే లోపలికి రాగలిగాడు. గాలిని పట్టి ఉంచే సంచీ ఎవరైనా చేస్తారు. అందులో ఉన్న మనిషి మోచేయి వంచగలగాలి, అసలు చిక్కు అక్కడుంది.

ఆ చిక్కు విప్పిన తీరు చూడాలంటే చంద్రుడి మీద నడిచిన వ్యోమగాముల అపోలో సూట్‌నే చూడాలి. అమెరికాలో డెలవేర్ రాష్ట్రం, డోవర్‌లోని ఇంటర్నేషనల్ లేటెక్స్ కార్పొరేషన్ తయారీ. ప్లేటెక్స్ పేరుతో ఆడవాళ్ల లోదుస్తులు అమ్మిన సంస్థ అది. ఒంటిని బిగించి పట్టే బట్ట ఒంటిని కదలనివ్వాలి కూడా అన్నది వాళ్లకు అనుభవంలో ఉన్న సంగతి. భుజం, మోచేయి, మోకాలు దగ్గర రబ్బరును మడతలు మడతలుగా మలిచారు. చేయి వంచితే లోపలివైపు మడతలు ముడుచుకుంటాయి, వెలుపలివైపువి విచ్చుకుంటాయి. లోపల గాలికున్న చోటు దాదాపు అంతే ఉంటుంది కనుక గాలిని అదిమే శ్రమ తప్పుతుంది. మడతలు పొడవునా సాగిపోకుండా తీగలు పట్టి ఉంచుతాయి. సూట్ మొత్తంలో ఇంతకు మించిన పనితనం నాకు కనిపించలేదు. పైగా లోపల నింపేది స్వచ్ఛమైన ఆక్సిజన్. నేల మీది గాలి పీడనంలో పావు వంతుతోనే ఊపిరి సాగుతుంది, ఆ మేరకు బిగువూ తగ్గుతుంది.

కుట్టుపని మరో అద్భుతం. ఒంటికి ఆనుకుని, సన్నటి గొట్టాల్లో చల్లటి నీళ్లు పారే లోదుస్తు. దాని మీద గాలిని ఆపే రబ్బరు, వేడిని తిప్పికొట్టే పల్చటి ప్లాస్టిక్ పొరలు. అన్నిటికీ పైన టెఫ్లాన్ పూసిన గాజునూలు బట్ట. 1967 జనవరిలో అపోలో-1 మంటల్లో ముగ్గురు వ్యోమగాములు చనిపోయాక, పైబట్ట నిప్పంటనిదై తీరాలన్నారు. ఇన్ని పొరలనూ మామూలు కుట్టు మిషన్ల మీద కుట్టినవాళ్లు ఆడవాళ్లు. కుట్టు గీత నుంచి మిల్లీమీటరు కూడా తప్పకూడదు. మరిచిపోయిన ఒక్క గుండుసూది ప్రాణం తీయగలదు కాబట్టి ఎక్స్-రే తీసి మరీ వెతికేవారు. ఎంత ఓర్పు, ఎంత బాధ్యత!

చేతి తొడుగులను ఏ వ్యోమగామివి ఆ వ్యోమగామి చేతి అచ్చు మీదే చేశారు. స్పర్శ తెలియడానికి వేలికొసలకు సిలికోన్ రబ్బరు పెట్టారు. 1971లో అపోలో-15 నాటికి మెడకూ నడుముకూ కూడా కీళ్లు చేర్చారు. అప్పటికి చంద్రుడి మీద నడిపే బండి వచ్చింది మరి, అందులో కూర్చోవాలంటే నడుము వంగాలి.